కడుపులో పుండు అని చెప్పాం

మా ఇంట్లో ఇద్దరం పురుగులు పట్టే పని చేసేవాళ్లం. మా బాపు కందిపప్పులో పట్టేవాడు, నేను కంప్యూటర్లో పట్టేదాన్ని. ఆయనకు చేవెళ్ల బజారులో కిరాణా కొట్టు. నాకు మాదాపూర్ వైపు ఒక కంపెనీలో, వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో బగ్గులు, అంటే తప్పులు వెతికే ఉద్యోగం. మా అత్తగారిల్లు మొయినాబాద్‌లో. పొద్దున్నే కంపెనీ బండి వచ్చి రోడ్డు మీదే నన్ను ఎక్కించుకునేది. ఊరూరా కంప్యూటర్ కోర్సుల బోర్డులు మొలుస్తున్న రోజులవి. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో బాపు అడిగాడు:

"తప్పులు పట్టినందుకు జీతం ఇస్తరా బిడ్డా? మరి మీ అమ్మకు ఇన్నేండ్లకెల్లి ఎవ్వరు ఎందుకియ్యలె?"

ఇలాంటి ఇద్దరి మధ్య కూడా ఒక అబద్ధం మూడు నెలలు బతికింది. బాపు కన్నా నెలన్నర ముందు పోయింది. దాన్ని కన్నవాళ్లలో నేనూ ఒకదాన్ని.

ఆ ఎండాకాలం బాపుకు అన్నం సయించడం మానేసింది. రెండు ముద్దలు తిని కంచం జరిపేవాడు. చేవెళ్లలో చూపించాం, మందులు వాడాం, చివరికి పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు బాపును బయట కూర్చోబెట్టి మమ్మల్ని లోపలికి పిలిచాడు. మేమంటే అమ్మ, కొట్టు చూసుకునే మా తమ్ముడు, నేను. కడుపులో క్యాన్సర్ అన్నాడు, ముదిరింది అన్నాడు. మూడు వారాలకొకసారి మందు ఎక్కిస్తే కొన్నాళ్లు జరగవచ్చు, జరగకపోవచ్చు, ఒంటికి మాత్రం చాలా కష్టం. ఎక్కించకపోతే నొప్పి తెలియకుండా ఇంట్లోనే చూసుకోవచ్చు. "ఏది కావాలో ఆయన్నే అడిగి చెప్పండి" అన్నాడు.

అందరినీ అడిగాం, ఆయన్ని తప్ప.

"దాని పేరు చెప్తే ఆ పేరుతోనే పోతడు మీ బాపు" అంది అమ్మ, వరండాలో గోడకు ఆనుకుని. "కడుపుల పుండయింది అని చెప్పున్రి. తగ్గుతదని చెప్పున్రి. నా మీద ఒట్టు."

అమ్మ ఒట్టు పెడితే మా ఇంట్లో తిరుగులేదు. అట్లా బాపు ఒంట్లోకి ఏం ఎక్కాలో, ఎన్నిసార్లు ఎక్కాలో ముగ్గురం కలిసి నిర్ణయించేశాం. పుండు కూడా కడుపులోదే కదా, పూర్తి అబద్ధం కాదు, సగం నిజమే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. సగం నిజాన్ని పాస్ చేసే టెస్టరును మా కంపెనీలో అయితే ఇంటికి పంపేవాళ్లు.

బాపుకు తెలుగు చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. దవాఖాన గేటు మీద ఇంగ్లీషు బోర్డు పెద్దది, తెలుగు బోర్డు చిన్నది, రెండింటి మీదా రోగం పేరు ఉంది. వెళ్లిన ప్రతిసారీ తమ్ముడు ఆ చిన్న బోర్డుకు అడ్డంగా నిలబడేవాడు. తమ్ముడు ఒళ్లున్న మనిషి కాబట్టి సరిపోయింది. కానీ లోపల కూర్చున్నవాళ్లకు ఎవరు అడ్డం నిలబడతారు? రెండోసారి వెళ్లినప్పుడు బాపు చుట్టూ చూసి నా చెవిలో అడిగాడు:

"ఇంతమంది ఒక్కపారే గుట్టకు పోయి మొక్కు తీర్చుకొచ్చిన్రా ఏంది? అందరికి గుండ్లే ఉన్నయి."

"మందు వేడి చేస్తదంట బాపూ, అందుకని తీసేసుకుంటరు."

"పుండుకా?"

"పుండుకే."

ఆయన నా ముఖం వంక చూశాడు. తూకంలో ముల్లు నిలిచేదాకా చూసే చూపు అది. నేను ఫ్యాను వంక చూశాను.

గోళీల సంగతి నా వంతు. వాటి అట్టల మీదున్న పేర్లు పట్టుకుని బాపు మందుల షాపులో అడిగితే గుట్టు రట్టు. అందుకని మొయినాబాద్‌లో మా వంటింట్లో కూర్చుని, అట్టల్లోంచి గోళీలు ఒత్తి తీసి, కాగితంలో పొట్లం కట్టి చేవెళ్లకు తెచ్చేదాన్ని. మా ఆయన గుమ్మంలో నిలబడి, "మొయినాబాద్‌ల తయారు, చేవెళ్లల అమ్మకం. మంచిగ నడుస్తున్నది మీ కంపెనీ" అనేవాడు. అమ్మ ఆ పొట్లాన్ని తన బీరువాలో దాచి, పూటకు ఒక గోళీ బాపు చేతిలో పెట్టేది.

బాపు దేహం తగ్గుతున్న కొద్దీ సందేహం పెరిగింది.

మొదట ఆయన అనుమానం పోవలసిన చోటికి పోలేదు. అప్పట్లో మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా రోడ్డుకు రెండు పక్కలా పూలతోటల్లో సున్నం పూసిన ప్లాట్ల హద్దురాళ్లు లేస్తున్నాయి. జీపుల్లో తిరిగేవాళ్లు మా కొట్టు ముందు ఆగి సోడా తాగి, ఎవరి జాగ ఎక్కడుందో అడిగి పోయేవాళ్లు. శంకర్‌పల్లి దారిలో బాపుకూ కొంత జాగ ఉంది. మేమేమో ఆయన గదిలోకి రాగానే మాట మార్చేవాళ్లం. తమ్ముడు ఫోను వస్తే వీధి చివరిదాకా నడిచిపోయేవాడు. ఒక రోజు నేను చేవెళ్లలో బస్సు దిగేసరికి బాపు కొట్టు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను పక్కన కూర్చోమన్నాడు.

"మీ అమ్మ ఉల్లిగడ్డ కోస్తున్న అంటది, కండ్లు తుడుసుకుంటది. కూరల చూస్తే ఉల్లిగడ్డ ఉండదు. ఏం సంగతి?"

"ఏం లేదు బాపూ."

"జాగ అమ్మిన్రా?"

నాకు నవ్వు వచ్చింది, వెంటనే ఆశ కూడా పుట్టింది. కాదని గట్టిగా అనలేదు. "తమ్మున్ని అడుగు" అని ఊరుకున్నాను. ఈ అనుమానంలో ఉన్నన్ని రోజులు అసలు సంగతి జోలికి రాడని నా లెక్క. అలా ఒక వారం బాపును నా తమ్ముడి మీద ఉసిగొల్పి వదిలేశాను. అక్కలు తమ్ముళ్లకు చేసే ఉపకారాల్లో ఇదొకటి. చివరికి తమ్ముడు వేగలేక పాసుపుస్తకం తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాడు. బాపు అద్దాలు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాడు. మూసి, తిరిగి ఇచ్చేశాడు.

"జాగ ఉన్నది" అన్నాడు. "మరి పోయేది ఏందో చెప్పున్రి."

తమ్ముడు పాసుపుస్తకం పట్టుకుని లేచిపోయాడు.

పుండు అని చెప్పాం కదా, వచ్చినవాళ్లంతా పండ్లు తెచ్చారు. మూలన బత్తాయిలు పేరుకుపోయాయి. పండ్లు తెచ్చినవాళ్లలో ఎదురు కొట్టు శావుకారి కూడా ఉన్నాడు. ఆయనకూ బాపుకూ పదకొండేళ్లుగా మాటల్లేవు. వాళ్ల చూరు రేకుల మీది వాన నీళ్లు మా మెట్ల మీద పడతాయని బాపు, పడవని ఆయన. జోరువాన కురుస్తుంటే ఇద్దరూ ఎవరి గల్లా దగ్గర వాళ్లు కూర్చుని, పడుతున్న నీళ్లను చూస్తూ ఒకరు పడుతున్నాయనీ ఇంకొకరు పడటం లేదనీ గిరాకీలకు చెప్పేవాళ్లు. అట్లాంటి మనిషి ఆపిల్ పండ్ల సంచితో గడప దాటి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"తప్పు నాదేనే. నీళ్లు మీ మెట్ల మీదనే పడుతున్నయి. రేపు రేకులు కోయిస్త" అన్నాడు.

మరునాడు నిజంగానే కోయించాడు. బాపు మంచం మీంచి ఆ కోత చప్పుడు విన్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

"పదకొండేండ్లు ఒప్పుకోనోడు గిప్పుడెందుకు ఒప్పుకున్నడు?" అని అమ్మను అడిగాడు.

"బుద్ధి వచ్చిందేమో."

"బుద్ధి వాన్కి రాలే. వాన్కి ఖబర్ వచ్చింది."

ఖబర్ ఎవరిచ్చారని నేను దర్యాప్తు మొదలుపెట్టాను. తమ్ముడి మీద నాకు అనుమానం, తమ్ముడికి అమ్మ మీద, అమ్మకు నా మీద. "నువ్వు పనిచేసేది నలుగురున్న జాగల. బస్సుల ఎవలకో చెప్పి ఉంటవ్" అంది అమ్మ. "ఎవరు చెప్పకున్నా నీ ముఖం చెప్తది అక్కా" అన్నాడు తమ్ముడు. ఆ మాట పట్టుకుని ఆఫీసు బాత్రూం అద్దం ముందు మామూలు ముఖం పెట్టడం సాధన చేశాను. పక్కన చేతులు కడుక్కుంటున్న అమ్మాయి, ఏమైంది, కడుపునొప్పా అని అడిగింది. దాంతో ఆ సాధన విరమించాను.

నా అనుమానం బాపు మీదికీ పాకింది. గోళీలు మింగుతున్నాడా, చెంపన పెట్టుకుని ఊసేస్తున్నాడా అని ఆయన దిండు కింద వెతికాను. ఏమీ దొరకలేదు. ఆయన మాత్రం ఓపిక ఉన్న పూట కొట్టులోకి వచ్చి కూర్చుని తన దర్యాప్తు తాను చేసుకునేవాడు. వచ్చిన ప్రతి గిరాకీనీ అడిగేవాడు:

"నా ముఖం ఎట్లున్నది?"

"మంచిగున్నది సేటూ, మస్తు మంచిగున్నది, ఎప్పటి లెక్కనే మంచిగున్నది."

వాళ్లు వెళ్లాక నాతో అన్నాడు: "సరుకు బాగలేకుంటెనే బిడ్డా, మూడుసార్లు మంచిగున్నది అని చెప్పవలసి వస్తది."

మూడుసార్లు మందు ఎక్కింది. ఎక్కినప్పుడల్లా నాలుగైదు రోజులు వాంతులు. నోట్లో పుళ్లు లేచి, పాలు తాగినా కళ్లనీళ్లు వచ్చేవి. నాలుగోది వచ్చే మంగళవారం. బండి మాట్లాడేశాం. ఆదివారం అమ్మ షాబాద్‌లో పెండ్లికి వెళ్లక తప్పలేదు. పోకపోతే చుట్టాలు ఇంకా అనుమానిస్తారని మేమే పంపాం. తమ్ముడు కొట్టులో ఉన్నాడు. మధ్యాహ్నం గోళీ వేళకు బీరువాలోంచి పొట్లం తీసి, మంచినీళ్లు తెచ్చేలోపు దాన్ని బాపు మంచం మీద పెట్టాను. ఒక నిమిషం కూడా కాలేదు.

నీళ్లతో వచ్చేసరికి బాపు గోళీ తీయలేదు. పొట్లాన్ని అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూస్తున్నాడు.

"ఇది ఏడ కట్టిన్రు?"

"మందుల షాపుల బాపూ. మెహిదీపట్నంల."

ఆయన మంచం పక్కనున్న పాత పేపర్లోంచి ఒక ముక్క చింపాడు. నెమ్మదిగా మలిచాడు. మా కొట్టు పొట్లానికి దారం ఉండదు. మూలలు లోపలికి మలిచి, చివరి కొసను నాలుకలా లోపలికి దోపుతారు. తలకిందులు చేసినా గింజ రాలదు. దారం ఎందుకు దండగ అని బాపు తానుగా కనిపెట్టుకున్న మడత అది. బజారులో తక్కిన కొట్లన్నీ దారం చుట్టేవే. తాను మలిచిన ఖాళీ పొట్లాన్ని నా పొట్లం పక్కన పెట్టాడు. రెండూ కవలల్లా ఉన్నాయి.

"మెహిదీపట్నమోల్లకు మన మడత ఎవరు నేర్పిన్రు బిడ్డా?"

"ఇప్పుడు అందరు గిట్లనే..."

"నీకు ఏడేండ్లప్పుడు నేనే నేర్పిన. అప్పుడు గూడ నువ్వు ఎడమ మూల ముందు మలుస్తుంటివి. ఎన్నిసార్లు చెప్పినా కుడి మూల ముందు మలవకపోతుంటివి." నా పొట్లాన్ని తిప్పి చూపించాడు. "ఇగో, ఎడమ మూల."

మా కంపెనీలో ఎవరు రాసిన ప్రోగ్రామును వాళ్లతో పరీక్ష చేయించరు. ఎవరి తప్పు వాళ్లకు కనబడదని. ఇన్ని వారాలు వంటింట్లో కూర్చుని అట్టలు దాచాను, పేర్లు దాచాను, చీటీలు చింపేశాను. నా చేతులను దాచాలని మాత్రం తోచలేదు.

"డబ్బాల సరుకు తీసి పొట్లం కట్టి ఎందుకు అమ్ముతరో నాకు తెల్వదా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "డబ్బ మీద పేరేందో ఉన్నది, నాకు కనబడొద్దు. అంతే గదా? నేను పోతున్ననా బిడ్డా?"

అమ్మ ఒట్టు గుర్తొచ్చింది. పేరు చెప్తే పేరుతోనే పోతాడన్న మాట గుర్తొచ్చింది. ఎదురుగా మాత్రం, పదకొండేళ్ల కొట్లాట గెలిచి కూడా అన్నం తినలేకపోయిన మనిషి ఉన్నాడు. చెప్పకుండా ఉంటే ఎల్లుండి బండి ఎక్కుతాడు. తగ్గుతుందనుకుని ఎక్కుతాడు.

"క్యాన్సర్ బాపూ" అన్నాను.

ఆయనకు ఏమీ కాలేదు. పేరుతో పోలేదు. అడగడం మొదలుపెట్టాడు.

"మంగళారం ఎక్కిచ్చేది దానికేనా?"

"దానికే."

"తగ్గుతదా?"

"తగ్గదు. కొన్ని దినాలు జరగొచ్చు అన్నడు డాక్టరు."

"గీ వాంతులతోనేనా జరిగేది?"

"అవును బాపూ."

తాను మలిచిన ఖాళీ పొట్లం విప్పుతూ అడిగాడు: "నా దుకాణంల నన్ను అడగకుంట కిలో బెల్లం గూడ తేరు మీరు. గిది ఎట్ల తెచ్చిన్రు?"

పుట్టినప్పటి నుంచి మాటలతో తప్పించుకుని బతికిన మనిషిని నేను. ఆ మధ్యాహ్నం నీళ్ల గ్లాసు ఆయన చేతికి అందించాను.

బాపు గోళీ నోట్లో వేసుకోకముందే తమ్ముడిని కేకేసి, ఎదురు కొట్టు శావుకారిని పిలవమన్నాడు. నేను నిజం చెప్పానో లేదో సరిచూసుకోవాలట. "మీరు నా మీది ప్రేమతోని అబద్ధమాడుతరు. వాన్కి నా మీద గంత ప్రేమ లేదు" అన్నాడు. శావుకారి వచ్చాడు. బాపు సూటిగా అడిగాడు. ఆయన కండువా నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయాడు. బాపు ఆయన్ని అట్లా చూసి, "సరే, ఇగ నిజమే. కూసో, చాయ్ తాగి పో" అన్నాడు. ఆయనకు ఎవరు చెప్పారో మాత్రం నేటికీ నాకు తెలియదు. మా ముగ్గురిలోనే ఎవరో ఒకరు. ఇప్పుడు నేను కూడా నన్ను అనుమానించడం మొదలుపెట్టాను.

బాపు తమ్ముడితో చెప్పాడు: "మంగళారం బండి వద్దను. నాకు నొప్పి లేకుంట చూడున్రి, చాలు."

సాయంత్రం అమ్మ పెండ్లి నుంచి వచ్చింది. విన్నది. చేతిలోని తాంబూలం సంచి గడపలోనే వదిలేసి నా ముందు నిలబడింది.

"నా మీద ఒట్టు అన్న గదనే."

"నువ్వు మంచిగనే ఉన్నవ్ కదమ్మా" అన్నాను. పరాచికంగా అనలేదు, నోటి అలవాటు కొద్దీ వచ్చింది. అమ్మ పదహారు రోజులు నాతో మాట్లాడలేదు. తమ్ముడు మాట్లాడాడు, కానీ ఒక్క మాటే: "నాలుగోది ఎక్కిస్తే ఇంకో నెల ఉండేటోడేమో అక్కా." ఉండేవాడేమో. నేను ఆయన కోసం చెప్పానా, లేక అద్దం ముందు ముఖం సర్దుకోలేక అలసిపోయి చెప్పానా అన్నది నా మీద నాకున్న అనుమానం. ఎంత పరీక్షించినా తేలని తప్పులు కొన్ని ఉంటాయని మా ఆఫీసులో అంటారు. వాటిని తెరిచి ఉంచి తర్వాత పనిలోకి పోవాలట.

ఆఫీసుకు సెలవు పెట్టాను. బాపు మంచాన్ని కొట్టు వెనక గదిలోంచి ముందుకు, తలుపు వారకు జరిపించుకున్నాడు. చింతపండులో గింజలున్నాయని మంచం మీంచే తమ్ముడి మీద కేకలు వేసేవాడు. అయితే ఆయన అనుమానం చావలేదు, ఆయనతోపాటు మంచాన పడింది, అంతే. ఏది ఇచ్చినా ముందు అడిగేవాడు.

"ఏందిది?"

"నొప్పి గోళీ."

"రోగానికా, నొప్పికా?"

"నొప్పికే బాపూ."

"రోగం తగ్గుతదా?"

"తగ్గదు."

"సరే, ఇయ్యి."

పూటపూటకూ ఇదే. మొదటి రెండు రోజులు ఆ "తగ్గదు" గోడ వైపు తిరిగి చెప్పేదాన్ని. తర్వాత అలవాటైంది. గోళీలు మింగలేని రోజులు వచ్చి చుక్కల మందు ఇచ్చారు, అప్పుడూ అడిగాడు, అప్పుడూ చెప్పాను. నేను చెప్పకుండా అమ్మ ఒకసారి పాలలో కలిపి ఇవ్వబోతే మూతి బిగించాడు. అమ్మ నా వంక చూసి, పదహారు రోజుల తర్వాత మొదటి మాట మాట్లాడింది: "చెప్పు నువ్వే." చెప్పాను. తాగాడు.

చివరి పొద్దున ఊపిరి దూరం దూరంగా పడుతోంది. కళ్లు సగం తెరిచే ఉన్నాయి, మమ్మల్ని చూస్తున్నాడో లేదో తెలియదు. వీధిలో కొట్ల తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. తమ్ముడు మాత్రం మా కొట్టు తలుపు సగమే తీసి ఆగిపోయాడు. అమ్మ గిన్నెలో తులసి నీళ్లు తెచ్చింది. ఆ నీళ్లు ఎప్పుడు పోస్తారో తెలియనివాళ్లు మా దిక్కు ఎవరూ లేరు. చెంచా ముంచి, ఆయన పెదవుల దాకా తెచ్చి, ఆగింది. నేను చెప్తాననుకుని నా వైపు చూసింది. నేను నోరు తెరిచేలోపు తానే వంగి, ఆయన చెవి దగ్గర చెప్పింది:

"తులసి నీళ్లయ్యా. కడపటివి."

బాపు పెదవులు కొంచెం విడివడ్డాయి. అమ్మ పోసింది.